సంక్రాంతికి వినకూడని సలహాలు

సంక్రాంతి దగ్గర పడిందంటే మన మన్సూరాబాద్ కాలనీల వాట్సాప్ గ్రూపుల్లో ‘పర్యావరణహిత పండగ’ సలహాలు మొదలవుతాయి. చెప్పేవాళ్ల మనసు మంచిదే. కానీ కొన్నింటిని పాటిస్తే మేలుకన్నా చెరుపే ఎక్కువ. పక్కనే 3,600 ఎకరాల పైచిలుకు హరిణ వనస్థలి జాతీయ పార్కు ఉంది. మన పొగకూ, తెగిన గాలిపటానికీ దాని ప్రహరీ అడ్డం కాదు.

1. “పాతవన్నీ భోగి మంటలో వేస్తే ఇల్లు శుభ్రం.”
ఈ ఆనవాయితీ కర్రా, గడ్డీ, చీపుళ్ల కాలం నాటిది. ఇప్పుడు పాతవంటే పీవీసీ పైపులు, రెగ్జిన్ సోఫాలు, టైర్లు. పీవీసీ కాలితే హైడ్రోజన్ క్లోరైడ్, డయాక్సిన్లు పుడతాయి. జనవరి తెల్లవారుజామున నేలనంటిన చల్లగాలి మీద వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది. పొగ పైకి పోదు, మంట చుట్టూ ఉన్న పిల్లలే పీలుస్తారు. కాలనీకంతా ఒకే చిన్న మంట వేయండి. ఎండుపుల్లలు, కొబ్బరి మట్టలు, పిడకలు చాలు. విరిగిన కుర్చీని పాత సామాన్ల బండికి ఇవ్వండి.

2. “పిడకలు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి, తెప్పించుకోండి.”
ప్లాస్టిక్ కవరు, అట్టపెట్టె, ఎక్కడినుంచో లారీ ప్రయాణం, అన్నీ పేడముద్ద కోసం! ధనుర్మాసమంతా ముగ్గులో పెట్టిన గొబ్బెమ్మలనే గోడకు కొట్టి ఎండబెడితే పిల్లలకు భోగి దండ తయారవుతుంది. చాలకపోతే దగ్గర్లోని పాలవాళ్లను ముందే అడగండి.

3. “చైనా మాంజా ఒక్కటి మానేస్తే చాలు.”
మానాల్సిందే. నైలాన్, సింథటిక్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే దేశమంతటా నిషేధించింది. అయితే గాజుపొడి పూసిన నూలుదారం కూడా రెక్కలు కోస్తుంది. సాదా నూలుదారంతో ఎగరేయండి. పక్షులు గూళ్లు వదిలే వేళా, చేరే వేళా ఆపండి.

4. “ప్లాస్టిక్ ప్లేట్ల బదులు పేపర్ ప్లేట్లు, కప్పులు వాడండి.”
ప్లాస్టిక్ ప్లేట్లు, కప్పులు 2022 జూలై 1 నుంచి నిషేధం. కానీ పేపర్ కప్పు లోపలా సాధారణంగా పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది, అందుకే అది ఎరువు కాదు. అపార్ట్‌మెంట్ అంతా కలిసి ఒక్కసారి స్టీలు కంచాలు, గ్లాసులు కొనుక్కోండి. లేదంటే మోదుగ విస్తర్లలో వడ్డించండి, తిన్నాక అవి తడిచెత్తలోకే పోతాయి.

5. “ముగ్గు స్టిక్కరు అంటిస్తే నీళ్లూ, శ్రమా ఆదా.”
అది ప్లాస్టిక్. అంచులు లేచాక చెత్తలోకే. బియ్యప్పిండితో వేస్తే చీమలకు తిండి. వాకిలి నిండా పైపు పట్టి కడగక్కర్లేదు, ఊడ్చి చిలకరిస్తే సరిపోతుంది.

ఈ సలహాలన్నిటిలో లోపం ఒకటే. పండగ మూడు రోజుల గురించే ఆలోచిస్తాయి, తర్వాతి సంగతి పట్టించుకోవు. ఏదైనా కొనేముందు ‘ముక్కనుమ నాటికి ఇదెక్కడుంటుంది?’ అని అడగండి. మట్టిలో, పొట్టలో, మళ్లీ వాడుకునేందుకు అల్మారాలో అయితే తీసుకోండి. చెట్టు మీద, నాలాలో, చెరువులో అయితే వదిలేయండి.

ముక్కనుమ పొద్దున ఒక గంట పిల్లలతో కలిసి మేడల మీదా, చేతికందే కొమ్మల మీదా చిక్కుకున్న దారం ఏరండి. ముక్కలుగా కత్తిరించి పొడిచెత్తలో వేయండి. కరెంటు తీగల మీది దారాన్ని మాత్రం ముట్టుకోకండి, విద్యుత్ సిబ్బందికి చెప్పండి. ఆ పని కూడా పండగలో భాగమే.