పితృఋణం, పన్నెండు ఓల్టులు

పదకొండు రోజులుగా మా స్నానాల గదిలో పెద్ద బకెట్టు ఖాళీ లేదు. అందులో మా నాన్నగారి ఫియట్ కారు తాలూకు జాకీ నానుతోంది. ఆవకాయ కలిపే బేసిన్‌లో బ్యాటరీ కింద ఉండే రేకు పళ్ళెం. తులసికోట గట్టు మీద పాత పేపరు పరిచి బంపరు బ్రాకెట్లు రెండు, ఎక్కడివో ఇప్పుడు నాకూ గుర్తులేని బోల్టులు పద్నాలుగు. పొద్దున్నే మా ఆవిడ తువ్వాలు భుజాన వేసుకుని తలుపు దగ్గర నిలబడి, “ఏవండీ, మామగారి స్నానం అయిందా?” అని అడుగుతోంది. మొదటి రోజు నవ్వాను. మూడో రోజు నవ్వినట్టు నటించాను. పదకొండో రోజు కూడా అదే మాట అదే గొంతుతో అడిగేసరికి అది హాస్యం కాదు, నోటీసు అని అర్థమైంది. ముప్పై నాలుగేళ్ళు బ్యాంకులో పనిచేసినవాణ్ణి, నోటీసు భాష నాకు తెలుసు.

అసలు తుప్పు విషయంలో మన భాషే మనల్ని మోసం చేస్తుంది. దయ్యం పట్టింది అంటాం, పిచ్చి పట్టింది అంటాం, జలుబు పట్టింది అంటాం, అదే వరసలో తుప్పు పట్టింది అంటాం. పట్టింది అన్నాక వదిలించడం అనేది ఒకటి ఉంటుందని మన ధీమా. వేపమండలకి దయ్యం, మిరియాల కషాయానికి జలుబు వదిలినట్టు దీనికీ ఏదో ఒకటి ఉండకపోదు. పైపెచ్చు ఎవడినైనా చితక్కొడితే “తుప్పు వదలగొట్టాడు” అంటాం, అదేదో అరగంట పని అయినట్టు. ఈ మాట పుట్టించినవాడు మనుషుల్ని కొట్టి ఉంటాడు గానీ ఇనుముని గోకి ఉండడు.

మాది విశాఖపట్నం. “విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు” అని 1966లో రాష్ట్రమంతా గొంతెత్తింది. ఆ ఉక్కు కోసం ప్రాణాలు పోయాయి, పదవులు పోయాయి. తుప్పు కోసం మాత్రం ఎవరూ ఒక్కపూట నిరాహారదీక్ష చెయ్యలేదు. అయినా ఇంటింటికీ, వార్డు వార్డుకీ, పార్టీ పట్టింపు లేకుండా అందింది. సముద్రపు గాలిలో ఉప్పు ఉంటుంది, ఆ ఉప్పుకి చెమ్మని లాక్కునే గుణం ఉంటుంది, ఇనుము మీద వాలి కూర్చుంటే ఇక అక్కడే కాపురం. మా గేటుకి రంగు వేయించిన ఏడాదికే కడ్డీల మొదట్లో బొబ్బలు లేస్తాయి. ఫ్రిజ్ కాళ్ళ దగ్గర గోధుమరంగు ముగ్గులు పడతాయి. 2020 అక్టోబరులో వాయుగుండం గాలికి బంగ్లాదేశ్ ఓడ ఒకటి కొట్టుకొచ్చి తెన్నేటి పార్కు దగ్గర ఒడ్డెక్కి కూర్చుంటే, జనం పిల్లల్ని వెంటేసుకుని మరీ వెళ్ళి దాని ముందు నిలబడి ఫొటోలు దిగారు. మా పోర్టికోలో కారు అంతకంటే బాగా తుప్పు పట్టింది. ఒక్కడూ ఫొటో దిగలేదు.

ఢిల్లీలో మెహ్రౌలీ ఇనుప స్తంభం పదహారు వందల ఏళ్ళుగా తుప్పు పట్టకుండా నిలబడిందని నాకు ఇప్పటికి ఆరుగురు చెప్పారు. నిజమే. ఆ ఇనుములో భాస్వరం ఎక్కువ, అది పైన పల్చని పొరలా ఏర్పడి కాపాడుతుంది. ఢిల్లీ పొడిగాలి కూడా దానికి తోడు. ఒక్కసారి దాన్ని తెచ్చి మా బీచిలో పాతి, రెండు వానాకాలాలు గడిచాక నాతో మాట్లాడమనండి.

కారు సంగతి. ప్రీమియర్ పద్మిని. ఆ పేరు పెట్టి ఎన్నేళ్ళయినా మా ఇంట్లో అది ఫియట్టే. స్టీరింగు పక్కనే గేరు, 1089 సీసీ ఇంజను, డబ్బు కట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూస్తే వచ్చిన బండి. నాన్నగారు పోయాక దాన్ని నేను ఎంతో శ్రద్ధగా, గాలి కూడా చొరకుండా, టార్పాలిన్ కప్పి తాళ్ళతో కట్టేశాను. ఆరేళ్ళ తరవాత విప్పితే మెకానిక్కు నా వంక హంతకుణ్ణి చూసినట్టు చూశాడు. “కప్పీసి ఒగ్గీసినారా సార్? లోపల చెమ్మ ఎటెల్తాది? వానకి తడిసినా ఎండకి ఆరును కదా!” అన్నాడు. అంటే దిక్కులేకుండా వదిలేసి ఉంటే ఇంతకంటే బాగుండేది. పాడైంది నా శ్రద్ధ వల్ల.

మొదటి వైద్యం మా మేనల్లుడిది. నల్ల కూల్ డ్రింకులో ఫాస్ఫారిక్ ఆమ్లం ఉంటుంది మావయ్యా, అందులో నానబెట్టు అన్నాడు. రెండు లీటర్ల సీసాలు మూడు కొన్నాను. ఆమ్లం మాట నిజమే గానీ అది చాలా కొంచెం, పంచదార మాత్రం చాలా ఎక్కువ. మర్నాటికి తుప్పు అలాగే ఉంది, చీమలు మాత్రం వీధి చివరి నుంచి బారులు తీరి వచ్చాయి.

రెండో వైద్యం చింతపండు. ఇక్కడ కాస్త ఆగాలి.

ఇత్తడి బిందెలు చింతపండుతో తోమడం మన ఇళ్ళలో అందరూ చూసిందే. అందులో ఉండే టార్టారిక్ ఆమ్లం ఇనుము తుప్పునీ కరిగిస్తుంది. అంతవరకు శాస్త్రం. ఇక సంసారం. మా ఇంట్లో చింతపండు అనేది ఒక వస్తువు కాదు, వ్యవస్థ. మాఘం వెళ్ళాక కొత్త చింతపండు దిగుతుంది. మా ఆవిడ అంగట్లో కొనదు. ఏజెన్సీ నుంచి గిరిజన కార్పొరేషన్ తెచ్చే చింతపండయితేనే కొంటుంది. అందులోనూ పైనున్నది కాకుండా అడుగునున్నది తీసి చూపించమంటుంది. ఇంటికి తెచ్చాక రెండు రోజులు ఎండ. ఆ తరవాత కత్తిపీట ముందు పెట్టుకుని పిక్కలు తీయడం, ఈనెలు లాగడం, ఆ వారం రోజులూ ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడకూడదు. పిక్కలు ఎక్కడికీ పోవు: కొన్ని వామనగుంటల కోసమని డబ్బాలోకి వెళతాయి. మా ఇంట్లో వామనగుంటలు ఆడి ఇరవై ఏళ్ళయింది, డబ్బాలు మాత్రం మూడు నిండాయి. శుభ్రం చేసిన పండుకి ఉప్పు చల్లి, ఉండలు కట్టి జాడీకి ఎత్తుతుంది.

జాడీలు రెండు. ఈ ఏడాదిది ఎర్రగా మెరుస్తూ పులిహోర కోసం, వచ్చేపోయే చుట్టాల కోసం. నిరుటిది నల్లబడి పప్పుచారు కోసం, నా కోసం. ఈ రెండిటి మధ్యా సరిహద్దు దాటడానికి నాకు అధికారం లేదు. కానీ జాకీ పెద్దది, పాత జాడీలో మిగిలింది పిడికెడు. మధ్యాహ్నం ఆవిడ నిద్రపోయాక కొత్త జాడీలోంచి కిలో పైచిలుకు తీసి వేడినీళ్ళలో పిసికాను. ఇదేమైనా లాకరు తాళమా అని నాకు నేను చెప్పుకున్నాను. లాకరు తాళంచెవి పోతే తాళం పగలగొట్టి కొత్తది వేయించొచ్చు, ఈ జాడీకి ఆ వీలు లేదు.

నాలుగు రోజుల తరవాత వరలక్ష్మీవ్రతం. ఆ రోజు జాడీ మూత తెరుచుకుంది. ఆ వివరాల్లోకి నేను వెళ్ళను. ఒక్కటి చెబుతాను. మా ఆవిడ చరిత్ర ఎమ్మే. మూసీ వరద 1908 సెప్టెంబరులో వచ్చినప్పుడు ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు నూటయాభై మందిని కొమ్మల మీద మోసి బతికించిందనీ, అటువంటి చెట్టు కాయని తీసుకెళ్ళి నేను జాకీ కాళ్ళకి రాశాననీ అక్షతలు పట్టుకుని నిలబడిన ముత్తైదువలందరి ముందూ చెప్పింది. చింత పుట్టిల్లు ఆఫ్రికా అనీ, అరబ్బులు దాన్ని హిందూదేశపు ఖర్జూరం అన్నారు గానీ అది మన సొంతమేమీ కాదనీ నేను కూడా కొంత చరిత్ర మొదలుపెట్టాను. ముగించనివ్వలేదు. ఆ రోజు పులిహోర నిమ్మకాయతో అయింది. వచ్చినవాళ్ళలో ఒకావిడ “నిమ్మకాయ పులిహోరా? ఓహో” అంది. ఆ “ఓహో” ఖరీదు నేను ఇప్పటికీ కిస్తుల మీద కడుతున్నాను.

ఇంతా చేస్తే జాకీ మెరిసిందా? మెరిసింది. ఒక్క రాత్రి. తెల్లారి చూస్తే దానిమీద పసుపూ కుంకుమా కలిపి చల్లినట్టు కొత్త తుప్పు. షిప్‌యార్డులో రిటైరైన పక్కింటాయన గోడ మీంచి చూసి, “ఆ చింతపండులో ఉప్పు కలుపుతారా అండీ?” అని అడిగారు. కలుపుతారు. పురుగు పట్టకుండా. అంటే సముద్రం నుంచి కాపాడదామని నేను దాన్ని రాత్రంతా సముద్రంలోనే పెట్టాను. పులుపు నీళ్ళలోంచి తీయగానే వంటసోడా నీళ్ళతో కడగాలట, వెంటనే తుడిచి ఎండబెట్టాలట, చేతి వేడి ఆరకముందే నూనె రాయాలట, లేదా రెడాక్సైడ్ కొట్టేయాలట. మన గాలిలో ఉత్త ఇనుముకి గంట టైము ఇచ్చినా ఎక్కువేనట. ఇదంతా ముందే చెప్పొచ్చు కదా అన్నాను. “మీరేదో పచ్చడి పెడుతున్నారనుకున్నానండీ” అన్నారు.

ఆయనే మూడోది చెప్పారు, కరెంటు వైద్యం. ప్లాస్టిక్ బకెట్టులో నీళ్ళు, గుప్పెడు బట్టల సోడా. ఒకపక్క తుప్పు పట్టిన వస్తువు, ఇంకోపక్క పనికిరాని ఇనుప కడ్డీ, రెండూ ఒకదానికొకటి తగలకూడదు. కారు బ్యాటరీ చార్జరు నుంచి పన్నెండు ఓల్టులు. స్టీలు గరిటె మాత్రం కడ్డీ బదులు పెట్టొద్దు, అందులో క్రోమియం విషమై నీళ్ళలోకి దిగుతుంది. కిటికీ తెరిచి ఉంచాలి, హైడ్రోజన్ బుడగలు వస్తాయి, దగ్గర్లో అగ్గిపుల్ల గీయకూడదు. దీన్ని స్నానాల గదిలో పెట్టడానికి నేను ఏ విధంగా అనుమతి సంపాదించానో అది వేరే వ్యాసం.

అసలు మెలిక తీగల దగ్గర ఉంది. వస్తువుని ఋణధ్రువానికి కట్టాలి, కడ్డీని ధనధ్రువానికి. జీవితమంతా జనం చేత ఋణాలు కట్టించినవాణ్ణి, చేతులు అలవాటు చొప్పున నాన్నగారి బ్రాకెట్టుని ధనం వైపు కట్టేశాయి. రాత్రంతా బుడగలు ముచ్చటగా వచ్చాయి. పొద్దున్న చూస్తే కడ్డీ నిగనిగలాడుతోంది, బ్రాకెట్టు చిక్కి సగమైంది. ధనం వైపు ఉన్నది కరిగిపోతుంది, ఋణం వైపు ఉన్నది బాగుపడుతుంది. ముప్పై నాలుగేళ్ళలో ఏ బ్యాంకు శిక్షణలోనూ ఈ మాట నాకు చెప్పలేదు.

సరిచేసి కట్టాక జాకీ బాగానే వచ్చింది. నల్లటి మడ్డి పైకి తేలింది, వైరు బ్రష్‌తో రుద్దితే ఊడొచ్చింది, మర మళ్ళీ తిరిగింది. ఆ ధైర్యంతో బ్యాటరీ పళ్ళెం దింపాను. బ్యాటరీ ఆమ్లం చిందులు, పైన ఉప్పుగాలి, ఆ పళ్ళెం మీద తుప్పు అట్టలు అట్టలుగా పేరుకుని వేలెడు మందం ఉంది. లోపల ఎంత గట్టి రేకు ఉందో అనుకున్నాను. రెండు రాత్రుల తరవాత బ్రష్ వేశాను. అట్ట ఊడింది. ఇంకో అట్ట. ఆ కింద బ్రష్ పుల్లలు గచ్చుకి తగిలాయి. పళ్ళెంలోంచి నా బొటనవేలు కనబడింది.

పట్టడం అనే మాటలో మోసం అక్కడ తెలిసింది నాకు. దయ్యం వదిలితే మనిషి మిగులుతాడు. ఇనుముని ఏదో వచ్చి పట్టుకోలేదు. ఇనుమే కొంచెం కొంచెంగా తుప్పయిపోయింది. ఉన్నన్నాళ్ళూ ఆ తుప్పే పళ్ళెం ఆకారంలో నిలబడి ఉంది. నేను గోకి పారేసింది దాన్నే.

నాన్నగారు చివరి రోజుల్లో ఆదివారాలు ఫోన్ చేసేవారు. నేను అప్పుడు కర్నూలులో. మోకాళ్ళు పట్టేశాయి, క్లచ్ తొక్కలేకపోతున్నారు. “ఒకసారి వచ్చి కారు స్టార్టు చేసి పోరా, బ్యాటరీ దిగిపోతుంది” అనేవారు. ఆడిట్ ఉంది, వచ్చే వారం చూస్తాను అనేవాణ్ణి. వచ్చే ఆదివారం మళ్ళీ అదే మాట, బ్యాటరీ. ఎవరైనా మెకానిక్కుని పంపిస్తానులెండి అన్నాను ఒకసారి. అక్కర్లేదులే అన్నారు. నేను బ్యాటరీ గురించే అనుకున్నాను.

నిన్న పొద్దున మైకు బండివాడు వచ్చాడు, పాత ఇనప సామాను, పాత ప్లాస్టిక్కు, పాత ఫ్రిజ్‌లు కొనబడును అని రోజూ నేను బ్రష్ పట్టుకోగానే అరిచేవాడే. బకెట్టు ఖాళీ చేయాలి కదా అని పళ్ళెం, చిక్కిన బ్రాకెట్టు పట్టుకెళ్ళాను. కాటా మీద వేశాడు. ముల్లు సరిగ్గా కదలనైనా కదల్లేదు. పళ్ళెం ఎత్తి, చిల్లుల్లోంచి ఆకాశం చూసి, “ఇదంతా ఎందుకు గోకీసినారు సార్?” అన్నాడు. “తుప్పుతో ఇచ్చీసుంటే ఇంకో అరకిలో తూగును కదా!”

ఇవ్వబుద్ధి కాలేదు. కాటా మీంచి తీసుకుని వెనక్కి వస్తూంటే గేటు చప్పుడు విని వంటింట్లోంచి మా ఆవిడ అడిగింది:

“మామగారు మళ్ళీ వచ్చేశారా?”