పెద్ద కెమెరా, జేబు కెమెరా: ఒక వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం:

"అన్నా, బావ దుబాయికెల్లి అస్తుండు. పెద్ద కెమెరా తెమ్మనాల్నా, జేబుల వట్టేది తెమ్మనాల్నా?"

అవతారిక: ఈ వాక్యం జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఫొటో స్టూడియోల కౌంటర్ల ముందు పుట్టింది. కర్త ఎవరో తెలియదు. ఎవరు అడిగినా ఇవే మాటలు రావడం చూసి అపౌరుషేయమనే వారున్నారు. కాలనిర్ణయం అంత కష్టం కాదు. 2003లో కానన్ కంపెనీ ఈఓఎస్ 300డి అనే కెమెరాను వెయ్యి డాలర్ల లోపు ధరకు అమ్మేదాకా డీఎస్ఎల్ఆర్, అంటే మూలంలోని పెద్ద కెమెరా, అన్న మాట పత్రికల ఫొటోగ్రాఫర్ల నోట తప్ప వినిపించేది కాదు. 2010లో ప్రపంచం మొత్తం మీద 12 కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలు కంపెనీల గడప దాటాయి, వాటిలో అధిక భాగం జేబు కెమెరాలే. ఆ తర్వాత ఫోన్ వచ్చి వాటిని మింగింది. మూలం ఈ రెండు సంవత్సరాల మధ్యది. అడగడం మాత్రం ఇప్పటికీ ఆగలేదు కనుక వ్యాఖ్య అవసరమైంది.

శాస్త్రం ఏదైనా ముందు నాలుగు అనుబంధాలు చెప్పుకోవాలి. విషయం కెమెరా. ప్రయోజనం ఫొటో. సంబంధం బావతో. నాలుగోది అధికారి, అంటే దాన్ని వాడబోయేది ఎవరు అన్నది. మూలంలో ఆ మాట లేదు. వ్యాఖ్యాత కష్టమంతా ఆ ఖాళీ దగ్గరే. కాళిదాసుకు వ్యాఖ్య రాసిన కోలాచల మల్లినాథసూరి మెదక్ సీమ కొల్చారం వాడని ప్రసిద్ధి. ఆధారం లేని మాట రాయకూడదన్నది ఆయన పట్టు. ఆ నియమం ఇక్కడ వీలైనంత మేరకు పాటించబడుతుంది.

ప్రతిపదార్థం:

అన్నా = ఓ స్టూడియో యజమానీ. వయసుతో, రక్తంతో పని లేని సంబోధన. అరవై ఏళ్ల పెద్దమనిషి ముప్పై ఏళ్ల కుర్రవాణ్ణి అన్నా అంటే సలహా ఉచితంగా కావాలని అర్థం.

బావ = అక్క మగడు. చెల్లెలి మగడని పాఠాంతరం. డబ్బు పెట్టేది ఈయనే కాబట్టి వాక్యానికి అసలు కర్త ఈయనే.

దుబాయికెల్లి = దుబాయి నుంచి. పంచమీ విభక్తికి బాలవ్యాకరణం ఇచ్చిన వలన, కంటె, పట్టి అనేవాటిలో 'కెల్లి' లేదు. అయినా ధర్మపురికెల్లి, కొండగట్టుకెల్లి బస్సులు రోజూ జగిత్యాలకు వస్తూనే ఉన్నాయి కనుక సాధురూపమే. ఇక దుబాయి అన్నది ఉపలక్షణం. మస్కట్, దోహా, కువైట్, రియాద్ అన్నీ ఇందులో కలుస్తాయి. పొట్ట చేత పట్టుకుని ఊరు దాటినవాళ్ల దారులను 'బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి' అని ప్రాసతో చెప్పుకునే సీమ ఇది. సిరిసిల్ల నేతపనివాళ్లు భివండి సాంచాల (మరమగ్గాల) మీదికి పోతే, జగిత్యాల, కోరుట్ల పల్లెలు విమానం ఎక్కాయి. గడియారం, టేప్‌రికార్డర్, కంబళి వచ్చిన తోవనే కెమెరా కూడా వచ్చింది.

అస్తుండు = వస్తున్నాడు. ఆదిలోని వకారం లోపించింది. క్రియ వర్తమానం, అర్థం భవిష్యత్తు: టికెట్ తీశాడు, ఇంకా ఎక్కలేదు. ఈ పదంలో రెండు చిక్కులున్నాయి. విమానంలో చేతిసంచికి మామూలుగా 7 కిలోలే. ఖర్జూరాలు, సెంటు సీసాలు, పిల్లల బొమ్మలు ముందే చోటు పట్టేసి ఉంటాయి. రెండోది వారంటీ. అక్కడ కొన్న వస్తువుకు ఇక్కడ ఉచిత మరమ్మతు చెల్లకపోవచ్చు. బిల్లు మీద ఏ దేశాలకు వారంటీ అని రాసుందో బావ చదవాలి. ఏ బావా చదవడు.

పెద్ద = బరువులోనూ, ధరలోనూ, మర్యాదలోనూ పెద్దదైన. ముఖ్యార్థం మూడోదే. మెడలో నల్లటి పట్టీ వేలాడుతుంటే పెళ్లిపందిట్లో జనం జరిగి దారి ఇస్తారు, జేబు కెమెరా పట్టుకున్నవాణ్ణి అడ్డం తప్పుకోమంటారు.

కెమెరా = గది. లాటిన్ మాట. చీకటిగది గోడకు చిన్న బెజ్జం పెడితే ఎదుటి గోడ మీద బయటి దృశ్యం తలకిందులుగా పడుతుంది, ఆ గదినే చిన్నది చేస్తే ఇది అయింది. కాబట్టి మూలం అడుగుతున్నది పెద్ద గదా, చిన్న గదా అని. ఇల్లు కట్టించేటప్పుడు పెద్ద గదే మేలంటారు, ఊడ్చేటప్పుడు చిన్నదే మేలంటారు.

పెద్ద గది లోపల ఒక అద్దం వాలుగా నిలబడి ఉంటుంది. లెన్సు నుంచి వచ్చిన వెలుగును అది పైకి పంపుతుంది, పైనున్న అద్దాలు దాన్ని తిప్పి కంటికి ఇస్తాయి. మీట నొక్కగానే అద్దం టపుక్కున పైకి లేచి వెలుగును, దాన్ని చిత్రంగా పట్టే సెన్సార్ మీదికి వదులుతుంది. ఆ లిప్తపాటు చూసే కన్నంలో చీకటే. అంటే ఫొటో పడిన క్షణాన్ని ఫొటో తీసినవాడు చూడలేదు. వేదాంతులు దీని మీద గ్రంథం రాయవచ్చు. పెళ్లివాళ్లకు కావలసింది మరొకటి: కానన్ 1500డి, నికాన్ డి3500 వంటి మొదటిమెట్టు కెమెరాల కన్నం దృశ్యంలో నిలువునా అడ్డంగా 95 శాతమే చూపిస్తుంది. వైశాల్యం లెక్కన పదో వంతు కనపడదు. వధూవరుల పక్కన లేదనుకున్న ప్లాస్టిక్ కుర్చీ ఆల్బంలో ప్రత్యక్షం కావడానికి కారణం ఇదే.

జేబుల = జేబులో. ఎవరి జేబులో? ఇక్కడ వ్యాఖ్యాతలకు పడదు. చొక్కా జేబని ఒకరు, ప్యాంటు జేబని ఒకరు. కోరుట్లలో బీడీలు చుట్టే అక్కను అడిగితే చీరకు జేబెక్కడిదంటుంది. ఈ ఆక్షేపణకు ఇంతవరకు సమాధానం రాలేదు.

వట్టేది = పట్టేది, ఇమిడేది. అగ్గిపెట్టెలో ఇమిడే చీర నేసిన ఊరు సిరిసిల్ల. అక్కడివాళ్లకు ఇమడ్చడంలోని కిటుకు చెప్పనక్కరలేదు: పోగు సన్నబడితేనే చీర మడతపడుతుంది. కెమెరాలోనూ అంతే. సెన్సార్ చిన్నదైతేనే దానికి తగ్గ లెన్సు చిన్నదై, మీట నొక్కగానే ముడుచుకుని లోపలికి పోతుంది. మామూలు జేబు కెమెరా సెన్సార్ సుమారు 6.2 మిల్లీమీటర్ల పొడవు, 4.6 మిల్లీమీటర్ల వెడల్పు, చిటికెన వేలి గోరులో సగం. కానన్ 1500డి సెన్సార్ 22.3కు 14.9. వైశాల్యంలో దాదాపు 12 రెట్లు. వాక్యానికంతటికీ ఇరుసు ఈ అంకె. మెగాపిక్సెళ్ల అంకె పెట్టె మీద ఎంత పెద్ద అక్షరాల్లో ఉన్నా దీని తర్వాతిదే.

తెమ్మనాల్నా = తెమ్మని అనాలా? రెండుసార్లు వచ్చింది కాబట్టి వికల్పం. మనసులో మొదటిదే ఖాయమైందని ధ్వని. అందుకే ముందు దాన్ని చెప్పాడు.

విశేషాలు: వెలుగును వాన అనుకుంటే సెన్సార్ వాకిట్లో పెట్టిన పాత్ర. కుండపోత కురిసేటప్పుడు చెంబూ నిండుతుంది, గంగాళమూ నిండుతుంది. ఎండాకాలం మధ్యాహ్నం జగిత్యాల మామిడి మార్కెట్లో కాయల కుప్పలను జేబు కెమెరాతో తీసినా వంక పెట్టడానికి ఉండదు. 1747 నాటి జగిత్యాల కోటను తీసినా అంతే. పెద్ద కెమెరాతో వచ్చే 18-55 లెన్సు ఎంత వెడల్పు చూస్తుందో జేబు కెమెరా కూడా అంత చూస్తుంది. కోట కదలదు.

తేడా సద్దుల బతుకమ్మ నాడు తెలుస్తుంది. పొద్దు గూకింది, వీధిదీపం ఒకటే, ఆడవాళ్లు వలయంగా తిరుగుతూ చప్పట్లు కొడుతున్నారు. చేతులు అలుక్కుపోకుండా పడాలంటే షట్టర్ సెకనులో 125వ వంతుకు మించి తెరిచి ఉండకూడదు. అంత కొద్దిసేపట్లో చెంబులో పడే చినుకులు నాలుగు. కెమెరా వాటినే సాగదీసి చిత్రం చేస్తుంది, గరుకుదనం వస్తుంది, దాన్ని నునుపు చేయబోయి గీతలన్నీ చెరిపేస్తుంది. ఇంటికొచ్చి చూసుకుంటే తంగేడు పసుపు ముద్ద, గునుగు రంగద్దిన దూది, పక్కింటి అత్తమ్మ ముఖం మైనం.

గంగాళం ఉన్నంత మాత్రాన గట్టెక్కినట్టు కాదని కూడా చెప్పాలి. కెమెరాతో వచ్చే 18-55 లెన్సును చివరిదాకా లాగితే దాని ద్వారం ఎఫ్ 5.6కు ముడుచుకుంటుంది. గంగాళం మీద జల్లెడ మూత పెట్టినట్టు. అదే 50 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 లెన్సు తగిలిస్తే దాదాపు 10 రెట్ల వెలుగు వస్తుంది. పెద్ద కెమెరా పెద్దరికమంతా ఈ లెన్సు మార్చుకునే వెసులుబాటులోనే ఉంది. కొన్నవాళ్లలో చాలామంది మొదటి లెన్సును ఒక్కసారైనా విప్పి ఎరగరు. అలాంటివారు పన్నెండు రెట్ల సెన్సార్‌కు డబ్బు కట్టి సగమే వాడుకున్నట్టు. నికాన్ మొదటిమెట్టు కెమెరాల విషయంలో ఒక హెచ్చరిక. వాటిలో లెన్సును తిప్పే మోటారు లేదు. తనలోనూ మోటారు లేని పాత 50 డి లెన్సు చౌకగా దొరికిందని కొంటే ఫోకస్ చేత్తో తిప్పుకోవాలి.

సిరిసిల్ల సాంచాల షెడ్డు రెండు కెమెరాలకూ పరీక్షే. 50 హెర్ట్జ్ కరెంటు మీద వెలిగే ట్యూబులైట్లు సెకనుకు 100 సార్లు మినుకుతాయి, కంటికి తెలియదు, కెమెరాకు తెలుస్తుంది. షట్టర్ 100వ వంతు కంటే వేగంగా పెడితే ఒక ఫొటో తెల్లగా, మరోటి పచ్చగా, ఇంకోటి సగం నల్లగా వస్తుంది. 50వ వంతో, 100వ వంతో పెట్టుకుని పనివాణ్ణి తీయాలి, నాడె పరుగెత్తే గీతలా పడుతుంది, అదే అందం. షెడ్డు గాలినిండా నూలు నుసి. అక్కడ పెద్ద కెమెరా లెన్సు మార్చితే నుసి సెన్సార్ మీద వాలి ఆపైన ప్రతి ఆకాశంలోనూ మచ్చగా కనిపిస్తుంది. జేబు కెమెరాకు ఆ బాధ లేదంటారు. అది నిజం కాదు. ముందుకు సాగి వెనక్కి ముడుచుకునే ఆ లెన్సు గొట్టం పిచికారీలా గాలిని లోపలికి లాగుతుంది. పెద్దదానికి పడిన దుమ్మును దులపవచ్చు, దీన్ని విప్పదీస్తే గాని దులపలేరు.

వేములవాడ రాజన్నకు కోడె మొక్కు చెల్లించేటప్పుడు మరో గుణం బయటపడుతుంది. పెద్ద కెమెరా ఫోకస్ దూరాన్ని లెక్కగట్టి నేరుగా అక్కడికి పోతుంది. పాత జేబు కెమెరా ముందుకూ వెనక్కూ తడుముకుని, స్పష్టంగా ఉందనుకున్న చోట ఆగుతుంది. ఆ తడుములాటలో కోడె ముందుకు నడిచిపోతుంది. కోడె ముఖం కోసం నొక్కితే తోక పడడం ఈ జాతి కెమెరాల లక్షణం, భక్తుడి దోషం కాదు.

పూర్వపక్షం: "ఫోన్ ఉండగా రెండూ ఎందుకు?" ఈ ఆక్షేపణలో బలముంది. చాలా ఫోన్ల ముఖ్య కెమెరా సెన్సార్ ఇప్పుడు ఆ గోరంత సెన్సార్ కంటే పెద్దదే. పైగా అది ఒకే నొక్కుకు అనేక చిత్రాలు తీసి కలిపి ఒకటి చేస్తుంది. చౌక జేబు కెమెరాకు మిగిలిన బలం దూరాన్ని దగ్గరకు లాగే లెన్సు ఒక్కటే. సోనీ 2012లో తెచ్చిన ఆర్ఎక్స్100 వంటివి వేరే జాతి. వాటి సెన్సార్ 13.2కు 8.8, చెంబు కాదు బిందె, బరువు 240 గ్రాములు. కానీ తర్వాతి తరాల ధర మొదటిమెట్టు పెద్ద కెమెరాను దాటిపోయింది. కనుక మూలంలోని 'జేబుల వట్టేది' అన్నది చౌకదైతే ఫోన్ దాన్ని ఖండించింది, మంచిదైతే బావ జేబు దాన్ని ఖండిస్తుంది.

సిద్ధాంతం: అధికారిని బట్టి నిర్ణయం. లగ్గాలు, పుట్టినరోజులు తీసి నాలుగు రూపాయలు సంపాదించదలచినవాడికి, పని నేర్చుకోదలచినవాడికి పెద్దదే, 50 లెన్సుతో కలిపి. డి3500 ఒక్క చార్జింగుకు ప్రమాణ పరీక్షలో 1,550 ఫొటోలు ఇచ్చింది, ఎదుర్కోళ్ల నుంచి అప్పగింతల దాకా దాదాపు సరిపోతుంది. ఇంట్లో పిల్లలను, చేన్లో పంటను, ఏడాదికోసారి జాతరను తీసేవాడికి పెద్దది వద్దు, చౌక జేబుదీ వద్దు. ఉన్న ఫోన్ చాలు. మధ్యవాడికి ఒక పరీక్ష ఉంది. కెమెరా, లెన్సు, చార్జరు, సంచి కలిపి కిలో దాకా తూగుతాయి. కిలో చక్కెర ప్యాకెట్టును సంచిలో వేసి మెడకు తగిలించుకుని కొండగట్టు మెట్లెక్కి దిగాలి. సగం మెట్ల దగ్గర దాన్ని పక్కవాడి చేతికిచ్చినవాడు పెద్ద కెమెరాకు అధికారి కాడు.

పాఠాంతరం: "సెకండ్ హ్యాండ్‌ది తీసుకోవాల్నా?" అని కొన్ని స్టూడియోల్లో వినవస్తుంది. కంపెనీలు అద్దంలేని కెమెరాల వైపు మళ్లాయి, డి3500 తయారీ ఆగిపోయింది. కాబట్టి ఇకముందు ఈ పాఠమే ప్రధానం కావచ్చు. ఈ తరగతి షట్టర్లు లక్ష నొక్కుల ఆయుష్షుకు చేసినవి. లగ్గానికి 2,000 చొప్పున 50 లగ్గాలు తిరిగితే లక్ష నిండుతుంది. ఆ లెక్క చూడకుండా బయానా ఇవ్వకూడదు. అసలు వాడనిది ఇంకా మేలనుకోవడం పొరపాటు. పట్టుచీరల మధ్య బీరువాలో మూడు వానాకాలాలు గడిపిన లెన్సులోకి టార్చి వేసి చూస్తే అద్దం లోపల సాలెగూడులా బూజు కనిపిస్తుంది. అటువంటి లెన్సు బావే కొనిపెడతానన్నా తీసుకోవద్దు.