దురభిమానం: వాడుకునే పద్ధతి
(తెనాలి, బాపట్ల, రేపల్లె వాసులకు సులభ వ్యాకరణం)

మన మూడూళ్ళలో అభిమానానికి కరువు లేదు. చిక్కల్లా 'దురభిమానం' దగ్గరే. ఆ మాట ఎక్కడ వాడాలో తెలియక కొందరు నోరు జారి, సొంత ఇంటి మీదకే తెచ్చుకుంటున్నారు. కింది అయిదు సూత్రాలు కంఠస్థం చేస్తే ఆ ప్రమాదం తప్పుతుంది.

1. సంధి విడగొట్టకండి.
దుః + అభిమానం. విడగొట్టారంటే లోపల అచ్చం మనదగ్గరున్న సరుకే బయటపడుతుంది. "మరి మనది?" అని పిల్లలు అడుగుతారు. అప్పుడు 1913లో బాపట్లలో జరిగిన ప్రథమాంధ్ర మహాసభ కథ చెప్పండి. అది భాషాభిమానం. అక్కడితో ఆపండి. తెనాలి హోటళ్ళలో సర్వర్ పని చేస్తూ 'శారద' పేరుతో తెలుగు నవలలు రాసి, 1955లో చిన్న వయసులోనే పోయిన తమిళుడు నటరాజన్ ఊసెత్తకండి. భాష రక్తంలో ఉండాలని మీరు వాదిస్తుంటే 'అపస్వరాలు' రాసినవాడు అడ్డొస్తాడు.

2. పురుష చూసుకోండి.
ఉత్తమ పురుషలో ఈ మాట చెల్లదు. ఉత్తములకు దురభిమానం ఎక్కడిది? మనకున్నది ఆనవాయితీ, కట్టుబాటు, మరీ ఇరుకున పడితే "నాకేం పట్టింపు లేదండీ, ఇంట్లో పెద్దాళ్ళే ఒప్పుకోరు". దురభిమానం ఎప్పుడూ ప్రథమ పురుషలోనే ఉంటుంది. వాళ్ళకి ఉంటుంది. వీలైతే పక్క వీధిలో ఉంటుంది.

3. సూటిగా అడగకండి.
రేపల్లె బండెక్కి ఎదుటివాణ్ణి "మీరేవిట్లు?" అనడం మొరటు. "ఏ ఊరండీ?" దగ్గర మొదలెట్టండి. వేమూరు వచ్చేలోపు ఇంటిపేరు రాబట్టండి. ఇంకా తేలకపోతే "ఊళ్ళో ఏ వైపు?" అనండి. 'పేట' అన్నాడా, ఇక వివరం అక్కర్లేదు. టిఫిను బాక్సు మూత దానంతటదే పడుతుంది. భట్టిప్రోలులో మాత్రం కిటికీలోంచి చూడకండి. అక్కడి బౌద్ధస్తూపంలో దొరికిన భరిణెల మీద, రెండు వేల ఏళ్ళు దాటిన అక్షరాల్లో, మనుషుల పేర్లున్నాయి. వాళ్ళేవిట్లో చెప్పడానికి ఒక్కరూ మిగల్లేదు. మనసు పాడవుతుంది.

4. సంస్కర్తను పోయాకే మెచ్చుకోండి.
త్రిపురనేని రామస్వామి చౌదరి తెనాలి మునిసిపల్ ఛైర్మన్‌గా చేశారు. ఆయన ఇంటిపేరు సరే, ఇంటికి పెట్టుకున్న పేరు 'సూతాశ్రమం'. 'శంబుక వధ' రాశారు. పెళ్ళి మంత్రాలు అందరికీ అర్థమయ్యేట్టు తెలుగులోకి తెచ్చారు. బతికుంటే మనింటి పెళ్ళికి పిలవలేం. 1943లో పోయారు కాబట్టి ఇబ్బంది లేదు. పుస్తకాలు అటకెక్కించి, ఆయన కులం ఒక్కటే ఉంచుకోండి. కులసంఘం క్యాలెండరులో ఫొటో నిండుగా ఉంటుంది.

5. కర్తను లోపింపజేయండి.
ఇది కష్టమైన సూత్రం, శ్రద్ధగా చదవండి. తెనాలి నుంచి బాపట్ల వెళ్ళే దారిలో చుండూరు వస్తుంది. సినిమా హాల్లో ఒక దళిత యువకుడి కాలు పెద్దకులం కుర్రాడికి తగిలిందన్నది తగవు. ఆ తర్వాత సాంఘిక బహిష్కరణ. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను వెంటాడి చంపారు. కొందరి శవాలను గోతాల్లో కుక్కి కాలువలో పడేశారు.

ఇలా చెప్పకూడదు. "చుండూరు గొడవ" అనాలి. "చంపారు" సకర్మకం, కర్త ఎవరని అడుగుతుంది. "చనిపోయారు" అనండి, ఏమీ అడగదు. ఎవరైనా గుచ్చి అడిగితే "వాళ్ళ కర్మ" అనండి. వాక్యంలో కర్మ ఉంటుంది, కర్త ఉండడు.

కోర్టు కూడా ఈ వాక్యంతో చాలాకాలం కుస్తీ పట్టింది. చుండూరులోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. పదహారేళ్ళకి, 2007 జులై 31న, 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు అన్నారు. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ నిర్దోషులంది. కేసు సుప్రీంకోర్టు మెట్లెక్కింది. కర్త జాగా మళ్ళీ ఖాళీ. ఊరి నడుమ 'రక్తక్షేత్రం' అనే చోట హతుల సమాధులు మాత్రం ఉన్నాయి. బండి చుండూరులో ఆగితే పేపరు అడ్డం పెట్టుకోండి.

అభ్యాసం: ఖాళీలు పూరించండి.
"చుండూరులో ______ ఎనిమిది మందిని చంపా__."

'ఎవరో' అని రాస్తే పూర్తి మార్కులు. 'వాళ్ళు' అంటే సగం. 'మనం' అని మాత్రం సరదాకి కూడా రాయకండి. క్రియ చివర ఒక్క సున్న చుడితే చాలు, వాక్యం కుదిరిపోతుంది.