ఇనుప జ్ఞాపకాలు

అంబాసిడర్ తయారీ 2014లో ఆగింది. పాత డ్రైవర్ల నోట మాత్రం ఇంకా టాప్ గేరులోనే ఉంది.

"అదీ బండంటే! ఒట్టి ఇనుము!"

నిజమే. దశాబ్దాలు గడిచినా ఆకారం పెద్దగా మారలేదు. మారింది నడిపినాయన నడుమే.

అప్పట్లో కారు కావాలంటే ఏళ్ల తరబడి నిరీక్షణ. పెళ్లికని బుక్ చేస్తే బారసాలకొచ్చేది.

1983లో మారుతి 800 వస్తే "అగ్గిపెట్టె" అని నవ్వారు. ఆనక అందులోనే ఏడుగురెక్కి తిరుపతి వెళ్లొచ్చారు. పులిహోర డబ్బా ఎనిమిదోది.

ఇప్పుడు మనవడి కారు బెల్టు పెట్టుకోమని కుయ్యిమంటోంది. వెనక్కి తీస్తే గోడుందని అరుస్తోంది.

పెద్దాయనకి ఒళ్లు మండింది. "మాకీ కెమెరాలెక్కడివిరా? క్లీనర్ కుర్రాడు చాలు. 'రానీ... రానీ...' అనేవాడు. గోడ తగిలాక 'హోల్డాన్' అనేవాడు!"