తమ్మీ, ఆ కెమెరా ఇంట్ల పెట్టిరా!

ఎల్లారెడ్డి బస్టాండు ముందు మొన్నొక కుర్ర విలేకరి నాతో ఛాయ్ తాగుతూ, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "అన్నా, సర్వసభ్య సమావేశాలు, సన్మానాలు రాసి రాసి ఇసుగొచ్చింది. ఒక పెద్ద ఇన్వెస్టిగేషన్ స్టోరీ కొడత. పెన్ను కెమెరా గూడ కొన్న." చొక్కా జేబుకు తగిలించుకున్న ఆ పెన్ను చూపించాడు. అదే జేబులోంచి ఇంకొకటి తొంగి చూస్తోంది: జనవరి 26 ప్రకటనల రసీదు పుస్తకం.

ఒకే జేబులో ఈ రెండూ ఎట్లా ఇమిడాయి తమ్మీ అని అడగబోయి ఆగాను. ఛాయ్ పైసలు వాడే ఇస్తున్నాడు.

"ముందుగాల ఒక ముచ్చట చెప్తా ఇను" అన్నాను. ముచ్చట ఢిల్లీదే. అందులో పెద్ద వేషం మాత్రం మన హైదరాబాదాయనది.

2001 మార్చి 13న తెహెల్కా అనే ఇంటర్నెట్ పత్రిక కొన్ని వీడియో టేపులు బయటపెట్టింది. లండన్‌లో వెస్ట్ ఎండ్ ఇంటర్నేషనల్ అనే కంపెనీ ఉందనీ, అది మన సైన్యానికి థర్మల్ కెమెరాలు అమ్మజూస్తోందనీ చెప్పుకుంటూ అనిరుద్ధ బహల్, మాథ్యూ శామ్యూల్ నెలల తరబడి రక్షణ కొనుగోళ్ల గుమ్మాలు ఎక్కి దిగారు. కంపెనీ లేదు. అమ్మడానికి సరుకూ లేదు. ఉన్నవల్లా నోట్ల కట్టలు, వాటితోపాటు రహస్యంగా పెట్టుకున్న ఇంకో రకం కెమెరా. మన దగ్గర బోరు బావికి కరెంటు కావాలంటే పాసుబుక్కు నకలు, ఆధార్ నకలు, ఆ నకళ్ల మీద సంతకాలు అడుగుతారు. అక్కడ సరిహద్దులో జవాను కళ్లకు పెట్టుకునే పరికరం గురించి మాట్లాడుతూ, కంపెనీ ఉందో లేదో తేలకుండానే ఇచ్చిపుచ్చుకోవడాలు సాగిపోయాయి. థర్మల్ కెమెరా అంటే చీకట్లో మనిషి ఒంటి వేడిని పట్టేది. వాళ్లు అమ్మబోయింది ఉత్తుత్తిదేగానీ, జేబుల వేడిని మాత్రం భేషుగ్గా పట్టుకుంది.

ఆ టేపుల్లో సైనికాధికారులున్నారు, దళారులున్నారు, పార్టీల పెద్దలున్నారు. అందరికంటే పెద్ద పేరు బంగారు లక్ష్మణ్‌ది. అప్పుడాయన బీజేపీ జాతీయ అధ్యక్షుడు, ఆ కుర్చీ ఎక్కిన మొదటి దళితుడు. లక్ష రూపాయలు అందుకుని సొరుగులో పెట్టుకోవడం దేశమంతా టీవీలో చూసింది. పార్టీ నిధి కోసం తీసుకున్నానన్నారు. మా తమ్ముడి రసీదు పుస్తకం ఆ సొరుగులో ఒకటుంటే ఎంత బాగుండేది!

లక్షేనా అని ఇప్పుడు నవ్వొస్తుంది. 2020 సెప్టెంబరులో మన పక్క మెదక్ జిల్లాలో ఒక అదనపు కలెక్టరును ఏసీబీ పట్టుకుంది. 112 ఎకరాలకు నిరభ్యంతర పత్రం, దానికి కోటీ 12 లక్షల లంచం అని కేసు. ఎకరానికి లక్ష! దేశరక్షణకు ఢిల్లీలో పడిన బయానా మన నర్సాపూర్ మండలంలో ఒక్క ఎకరానికి సరిపోయింది. భూముల ధరలు పెరిగాయంటే ఏమో అనుకున్నాను. బంగారు లక్ష్మణ్ దళితుడు కాబట్టే లక్షకు కూడా దొరికిపోయాడని అప్పట్లో అన్నవాళ్లున్నారు. కెమెరాకు కులం తెలియదు. అయినా కెమెరా పోని ఇళ్లు ఎన్ని ఉన్నాయో తలుచుకుంటే ఆ మాటను పూర్తిగా కొట్టిపారేయబుద్ధి కాదు.

ఇక శిక్షల సంగతి. రక్షణ మంత్రి జార్జి ఫెర్నాండెజ్ రెండు రోజుల్లో రాజీనామా చేశారు, భేష్ అనుకున్నాం. ఈ టేపుల మీద వేసిన విచారణ కమిషన్ ఇంకా సాక్షులను పిలుస్తుండగానే అక్టోబరులో అదే కుర్చీలో మళ్లీ కూచున్నారు. కమిషన్‌కు ఒక జడ్జి పోయి ఇంకో జడ్జి వచ్చారు. 2004లో ప్రభుత్వం మారింది, కమిషన్‌నే చుట్టేసి కేసు సీబీఐకి ఇచ్చారు. బంగారు లక్ష్మణ్‌కు 2012 ఏప్రిల్‌లో నాలుగేళ్ల జైలు, లక్ష రూపాయల జరిమానా పడ్డాయి. తీసుకున్న లక్షకు పదకొండేళ్ల తర్వాత లక్ష! కామారెడ్డి గంజిలో నూటికి రెండు రూపాయల మిత్తి లెక్కేసినా, మిత్తే రెండు లక్షల అరవై నాలుగు వేలవుతుంది. లంచం కంటే చవకైన అప్పు ఈ దేశంలో దొరకదు. అప్పీలు తేలకముందే 2014 మార్చి 1న ఆయన సికింద్రాబాదులో కన్నుమూశారు. ఇదే వ్యవహారంలో, టేపులకెక్కిన పార్టీ పెద్దల్లో ఒకరైన జయా జైట్లీకి ఢిల్లీ కోర్టు 2020 జులైలో నాలుగేళ్లు వేసింది. అదే రోజు హైకోర్టు ఆ శిక్షను ఆపింది. నేరం రుజువు కావడానికి పంతొమ్మిదేళ్లు, శిక్ష ఆగడానికి ఒక్క పూట.

చూపించినవాళ్ల విషయంలో సర్కారు ఇంత బద్ధకించలేదు తమ్మీ. వాళ్ల ఫైలు పరుగులు పెట్టింది. తెహెల్కాలో పెట్టుబడి పెట్టిన ఫస్ట్ గ్లోబల్ కంపెనీ మీద దాడులు, సమన్ల మీద సమన్లు. దాని యజమాని శంకర్ శర్మను జైల్లో కూచోబెట్టారు. చిరుతపులుల వేట చేయించాడంటూ పత్రిక విలేకరి ఒకరిని పట్టుకెళ్లారు. ఆయుధాల దళారీల వెంటపడితే అడవి జంతువుల చట్టం ఎట్లా తగులుకుంటుందో నన్నడక్కు, ఎల్లారెడ్డి అడవుల్లో ఉన్న చిరుతలకు కూడా అర్థం కాలేదట. వందమందికి పైగా పనిచేసిన ఆఫీసులో చివరికి వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే మిగిలారు.

తెహెల్కా వాళ్లేమీ గంగలో మునిగొచ్చినవాళ్లు కాదు. అధికారుల దగ్గరికి వేశ్యలను పంపి చిత్రీకరించామని వాళ్లే ఒప్పుకోవాల్సి వచ్చింది. మేజర్ జనరల్ అహ్లూవాలియా అనే ఆయన అనని మాటను, అడగని లంచాన్ని ఆయనకు అంటగట్టారు. తన పేరు కడుక్కోవడానికి ఆయనకు ఇరవై రెండేళ్లు పట్టింది. 2023 జులైలో ఢిల్లీ హైకోర్టు ఆయనకు రెండు కోట్ల పరిహారం కట్టమని తీర్పిచ్చింది. దొంగను పట్టేవాడు తప్పు మనిషిని పట్టుకుంటే, అసలు దొంగలందరికీ అది సాక్ష్యంగా పనికొస్తుంది.

కుర్రవాడు ఛాయ్ చల్లార్చుకుని, "అది ఢిల్లీ అన్నా, మనదగ్గర గట్లుండది" అన్నాడు.

నిజమే, మనదగ్గర అంత కష్టపెట్టరు. అడిగే విలేకరి ఉంటేగదా! 2023 జనవరిలో కామారెడ్డి మాస్టర్ ప్లాన్ గొడవ గుర్తుందా? అడ్లూర్ ఎల్లారెడ్డి రైతులు (ఈ ఎల్లారెడ్డి కాదు, ఇది వేరే ఊరు) ఆ పటంలో తమ సర్వే నంబర్లు పారిశ్రామిక జోన్ రంగులో మునిగి ఉండడం చూసి గుండెలు బాదుకున్నారు. ఒక రైతు ప్రాణం తీసుకున్నాడు. కలెక్టరేట్ ముట్టడయ్యాక, జనవరి 20న మున్సిపల్ కౌన్సిల్ ఆ ప్లాన్ రద్దుకు తీర్మానం చేసింది. ఆ ఏడాదికి జిల్లాలోకెల్లా పెద్ద పరిశోధన అదే. చేసింది నాగలి పట్టినవాళ్లు. అదే ఏడాది నవంబరులో ఉన్న ముఖ్యమంత్రి, కాబోయే ముఖ్యమంత్రి ఇద్దరూ కామారెడ్డిలోనే నిలబడితే దేశంలోని ఓబీ వ్యాన్లన్నీ నిజాంసాగర్ చౌరస్తాలో దిగాయి. ఇద్దరూ ఓడారు. మర్నాటికి వ్యాన్లు మాయం. ఆ పటంలో ఏ రంగు ఎవరు పూశారు, ఎందుకు పూశారు అని అడగడానికి ఒక్క వ్యానూ ఆగలేదు.

ఆగాల్సింది నువ్వే తమ్మీ. కానీ నీకు జీతం లేదు, పడిన వార్తకు సెంటీమీటర్ల లెక్కన వచ్చేది నీ బండి పెట్రోలుకు చాలదు. పంద్రాగస్టుకి, రిపబ్లిక్ డేకి, దసరాకి యాడ్స్ టార్గెట్ మాత్రం ఉంటుంది. ఏ కాంట్రాక్టరు రోడ్డు మూణ్నెల్లకు లేచిపోయిందో ఫొటో తీస్తావు. ఆ ఫొటో డెస్కులోనే పడుకుంటుంది. 26 పొద్దున అదే పేజీలో అదే కాంట్రాక్టరు తెల్లచొక్కా వేసుకుని, చేతులు జోడించి, క్వార్టర్ పేజీలో గణతంత్ర శుభాకాంక్షలు చెప్తాడు. కింద నీ రసీదు నంబరు. బంగారు లక్ష్మణ్‌కు లేని సదుపాయం నీకుంది: నీది పక్కా లెక్క.

కాబట్టి ఆ పెన్ను కెమెరా ఇంట్ల పెట్టిరా. పెళ్లిళ్లకు పనికొస్తుంది. దాంతో ఎవరినో ఉచ్చులోకి దింపి, ఆనక కోర్టుల్లో పాతికేళ్లు తిరిగే ఓపిక నీకు లేదు, నీ వెనక నిలబడే యజమానీ లేడు. మామూలు పెన్ను తీసుకో. ఆ రోడ్డు ఎస్టిమేటు ఎంత, కొలతల పుస్తకంలో ఏం రాశారు, బిల్లు ఏ తేదీన చెల్లించారు అని మూడు ప్రశ్నలు తెల్లకాగితం మీద రాయి. ముప్పై రోజుల్లో జవాబివ్వాలని చట్టం. మండల ఆఫీసులో సమాచార హక్కు దరఖాస్తుకు ఫీజు అయిదు రూపాయలు.

ఛాయ్ పైసలు నువ్వియ్యి. ఆ అయిదు నేనిస్తా.