మరిగె పట్టుకుని వేలానికి వెళ్లడం ఎలా?

అమెరికాలో సరదాకి బంగారం కడిగేవాళ్లకి క్లబ్బులున్నాయి. 1872 నాటి గనుల చట్టం కింద ప్రభుత్వ భూమిలో ఏటివార ఓ ముక్కని క్లెయిమ్‌గా రాయించుకుంటారు. చందా కట్టిన సభ్యులు శని, ఆదివారాల్లో అక్కడ కూర్చుని పళ్లెం తిప్పుకుంటారు. ఏటా సెప్టెంబరు 1లోగా కట్టాల్సింది కట్టకపోతే ఆ ముక్క చేజారిపోతుంది. నది అడుగుని పీల్చే యంత్రాల్ని కాలిఫోర్నియా 2009లో ఆపేస్తే వీళ్లు కోర్టుకెక్కారు. 2016లో అక్కడి సుప్రీంకోర్టు ఆ నిషేధాన్నే నిలబెట్టింది. మా హక్కు పోయిందని వాళ్ల గోల. పోవాలంటే ముందు ఉండాలి కదా! ఆ లెక్కన మన ఛత్తీస్‌గఢ్ సోన్‌ఝరాలు అదృష్టవంతులు. మహానది ఇసుకలో, జశ్‌పుర్ వైపు ఈబ్ నది ఇసుకలో తరతరాలుగా బంగారం కడుగుతున్న కులం. రస్సెల్, హీరాలాల్ 1916లోనే ఇక్కడి కులాల మీద రాసిన తమ గ్రంథంలో వీళ్లకో పద్దు కేటాయించారు. అయినా పోగొట్టుకుందామంటే చేతిలో కాగితం ముక్క లేదు.

మన చట్టం చూపు ఎంత పదునో తెలియాలంటే ఈ పని దగ్గరగా చూడాలి. ఏటి మలుపులో, బండల వెనకాల వరద దింపిపోయిన గులకమట్టిని చెక్క మరిగెలో వేసుకుని, నీళ్లలో ముంచి గుండ్రంగా ఆడిస్తారు. తేలికైనదంతా అంచు మీంచి జారిపోతుంది. ఆఖరికి అడుగున నల్లటి ఇనుప ఇసుక, అందులో కంటికి ఆనీ ఆననట్టు ఓ పసుపు నలుసు మిగులుతాయి. మామూలు ఇసుక చిన్నతరహా ఖనిజం, దాని మీద పెత్తనం రాష్ట్రానిది. నలుసు మాత్రం 1957 గనుల చట్టం మొదటి షెడ్యూలుకెక్కిన ప్రధాన ఖనిజం. షెడ్యూల్డ్ ప్రాంతాల గ్రామసభలకి సర్వాధికారాలూ ఇచ్చేశామని చెప్పుకునే 1996 నాటి పెసా చట్టం కూడా చిన్నతరహా ఖనిజాల దగ్గరే ఆగిపోయింది. కాబట్టి జశ్‌పుర్‌లో గ్రామసభ ఇసుక గురించి ఎంతసేపైనా మాట్లాడవచ్చు, అందులో ఏదైనా మెరిసిందా, నోరు మూసుకోవాలి. అనుమతి లేకుండా తవ్వితే 1957 చట్టం 21వ సెక్షను కింద ఐదేళ్ల దాకా జైలు, హెక్టారుకి 5 లక్షల రూపాయల దాకా జరిమానా. మరిగె ఎన్ని హెక్టార్లుంటుందో కొలిచి చెప్పే సర్వేయరు దొరికితే జరిమానా లెక్క కూడా తేలిపోతుంది.

ఇదేమిటయ్యా అంటే పెద్దలు చెప్పే జవాబు ఒకటే: ఆ గనుల చట్టానికి 2015లో చేసిన సవరణ తర్వాత అంతా పారదర్శకం, వేలంలోకి ఎవరైనా రావచ్చు. నిజమే, సోన్‌ఝరా కూడా రావచ్చు. ఆస్తి విలువకి ధ్రువపత్రం, బిడ్ సెక్యూరిటీ, డిజిటల్ సంతకం తెచ్చుకుని ఎమ్మెస్టీసీ వేలం పోర్టల్లో లాగిన్ అయితే చాలు, కులమూ మతమూ ఎవరూ అడగరు. 2016 ఫిబ్రవరిలో మహానది అవతల సోనాఖాన్ దగ్గరి బాఘ్‌మారా బ్లాకుని ఇలాగే వేలం వేశారు. దేశంలో అదే మొదటి బంగారు గని వేలం. 608 హెక్టార్లు, 2,700 కిలోల అంచనా. పాట వేదాంత కంపెనీకి కొట్టేశారు. ఆ సోనాఖాన్ జమీందారే వీర్ నారాయణ్ సింగ్. 1856 కరువులో వర్తకుడి ధాన్యం తీసి జనానికి పంచి జైలుపాలయ్యాడు, తప్పించుకుని తిరగబడ్డాడు, 1857 డిసెంబరు 10న రాయ్‌పుర్‌లో ఉరికంబం ఎక్కాడు. మనం విశ్వాసం లేనివాళ్లం కాదు. ఆయన పేరు క్రికెట్ స్టేడియానికి పెట్టాం, ఆయన కొండని వేలానికి పెట్టాం.

దేశమంతటికీ ఒకే చట్టం, ఒక కులానికని మినహాయింపులిస్తూ పోతే ఎక్కడ ఆగుతాం అని అడిగేవాళ్లున్నారు. ఆగడం మనకి బాగానే తెలుసు. బాఘ్‌మారా వేలానికి సరిగ్గా ముందు నెల, 2016 జనవరి 15న, కేంద్ర పర్యావరణ శాఖ ఓ నోటిఫికేషన్ ఇచ్చింది. కుమ్మరులు తమ ఆచారం ప్రకారం కుండలకి, ప్రమిదలకి చేత్తో తీసుకునే మట్టికీ ఇసుకకీ పర్యావరణ అనుమతి అక్కర్లేదని అందులో స్పష్టంగా రాశారు. దాంతో ఆకాశం విరిగి పడలేదు. కులవృత్తి, ఆచారం, చేతిపని అన్న మాటలు రాయడం ఢిల్లీ గుమాస్తాకి చేతనవునన్నమాట. మట్టి విషయంలో నడిచిన కలం బంగారం దగ్గరికొచ్చేసరికి ఎందుకు మొరాయిస్తుందో వేరే చెప్పాలా?

నదులు పాడవుతాయన్నది గట్టి అభ్యంతరమే, తోసిపుచ్చకూడదు. పాదరసం వాడితే పట్టుకోండి. పాదరసాన్ని కట్టడి చేసే మినమాటా ఒప్పందాన్ని మనదేశం 2018లో ఆమోదించింది కూడా. కానీ నదిని ఎవరు పాడుచేస్తున్నారో చూడటానికి జశ్‌పుర్ దాకా పోనక్కర్లేదు. బిలాస్‌పుర్‌లో మన తోర్వా వంతెన మీద నిలబడి అర్పా నదిని చూస్తే సరిపోతుంది. అర్పాలో అక్రమ ఇసుక తవ్వకాల మీద బిలాస్‌పుర్ హైకోర్టు విచారణలు జరపాల్సి వచ్చింది. ఆ గుంతలు తవ్వింది చెక్క మరిగెలతో కాదు. “ఇంతకీ వాళ్లనెవరు పట్టుకుంటున్నారండీ, ఊరికే రాద్ధాంతం” అనే ఉదారులు మరికొందరు. పట్టుకోకపోవడం దయ, హక్కు కాదు. ఠాణాలో అధికారి మారితే దయా మారుతుంది. ఇక ఇదంతా కూలి గిట్టని జూదం, మాన్పించి వేరే పని చూపాలనే హితవు. చూపిస్తే సంతోషం. అయితే తొలకరి పడగానే కర్నూలు జిల్లా తుగ్గలి, జొన్నగిరి చేలల్లో వజ్రాల కోసం బారులు తీరే మనవాళ్లకి ఆ హితవు ఎవరూ చెప్పరేం? మన పత్రికలు దాన్ని ఏటా తిరునాళ్లలా ఫొటోలతో వేస్తాయి. అదే పని ఈబ్ ఒడ్డున సోన్‌ఝరా చేస్తే అక్రమ తవ్వకం.

కావలసింది పెద్ద సంస్కరణేం కాదు. యంత్రం లేకుండా, పాదరసం లేకుండా, చేతి మరిగెతో ఏటి ఇసుక కడిగే సంప్రదాయ వృత్తిదారుకి అనుమతి అక్కర్లేదని చట్టంలో ఒక వాక్యం, పేర్లు రాసుకోవడానికి గ్రామసభ దగ్గర ఒక పుస్తకం. ఖజానాకి నష్టమంటారా, బంగారం మీద రాయల్టీ 4 శాతం, అది కూడా వసూలు చేసుకోండి. ఆ పసుపు నలుసులో నాలుగు శాతం తూచే తక్కెడ మాత్రం గనుల శాఖే టెండరు పిలిచి కొనుక్కోవాలి.