లాభం ఊరిది, కాపలా వాడిది

సైన్యంలో ఉద్యోగానికి లాభాలేమిటి, నష్టాలేమిటి అని కుర్రాళ్లు అడుగుతుంటారు. లెక్క చాలా తేలిక. లాభాలు చుట్టాలకీ, ఊరికీ, పార్టీలకీ, టీవీ చానళ్లకీ. మిగిలింది ఉద్యోగికి.

నమ్మకం లేకపోతే సెలవు మీద వచ్చిన జవానును చూడండి. జమ్మూ నుంచి రెండు రోజులు రైల్లో నలిగి, పేరూ నంబరూ తెల్లరంగుతో రాసిన నల్ల ట్రంకుపెట్టె మోసుకుంటూ దిగుతాడు. వీధి మొదట్లోనే తొలి ప్రశ్న: "ఏరా, ఎప్పుడొచ్చావ్?" వెంటనే రెండోది: "మళ్లీ ఎప్పుడెళ్తావ్?" ఈ రెండింటి మధ్య ఒళ్లెలా ఉందని అడిగే తీరిక ఎవరికీ ఉండదు. మూడో ప్రశ్న తొందరపెడుతుంటుంది మరి. అది గొంతు తగ్గించి అడగాల్సింది. "సరుకేమైనా తెచ్చావా?"

సరుకంటే రమ్ము. మన పల్లెల్లో దేశభక్తికి కొలపాత్ర 750 మిల్లీలీటర్లు. మిలిటరీ క్యాంటీన్లో కిరాణాకో కార్డు, మందుకో కార్డు ఉంటాయి. మందు కోటా హోదాను బట్టి: ఆఫీసరుకు ఎక్కువ, సిపాయికి తక్కువ. సిపాయికి మేనమామలు ఎంతమంది ఉంటారన్నది మాత్రం కోటా నిర్ణయించినవాళ్లు విచారించలేదు. ఇక పిన్ని కూతురి పెళ్లికి ఫ్రిజ్, బావగారికి మిక్సీ. "మీకు పన్ను తగ్గుతుందట కదా!" అంటారు. తగ్గేది పన్ను, పెట్టేది వీడి డబ్బు. ఒక్కసారి తేలేకపోయాడో, "మిలిటరీలో చేరాక కళ్లు నెత్తికెక్కాయి" అన్న బిరుదు ఖాయం.

పోస్టింగు సియాచిన్‌కు పడితే బంధువర్గం ఇంకా సంతోషిస్తుంది. అక్కడ మైనస్ 50 డిగ్రీల దాకా చలి. 2017 నుంచి జవానుకు నెలకు 30,000 ప్రత్యేక భత్యం. "ఖర్చు పెడదామన్నా కొట్టు ఉండదుటరా, అంతా మిగులే!" అని మామగారు మురిసిపోతారు. కాలివేళ్లు ఏ పద్దు కింద రాసుకోవాలో ఆయన చెప్పడు.

ఈ లెక్కలు కొత్తవేం కాదు. పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం అనే ఊరుంది. ముందు 'మిలిటరీ' అని చేరిస్తే తప్ప ఏ మాధవరమో ఎవరికీ తెలియదు. మొదటి ప్రపంచ యుద్ధానికి అక్కడి నుంచి 90 మంది వెళ్లారు. రెండోదానికి వెయ్యిమందికి పైగా. పిల్లలకు మేజర్, కెప్టెన్ అని పేర్లు పెట్టుకున్న ఊరది. జర్మనీ చక్రవర్తితో తాడేపల్లిగూడెం రైతుకు గట్టు తగాదా ఏముంది చెప్పండి! నెల తిరిగేసరికి జీతం వస్తుందని వెళ్లారు. తెల్లదొర యుద్ధం తెల్లదొర జీతంతో చేశారు, ఆ తర్వాత మన జెండా కింద మన యుద్ధాలూ చేశారు. సైన్యంలో కొలువే ఇంటింటికీ పరువుగా మారింది. జీతం కోసం చేరినవాడు దేశం కోసం ప్రాణం పెడతాడా అని కొందరు మేధావులు ముక్కు విరుస్తారు. పెడతాడు. ఆ రెండూ ఒకచోట ఇమడవని జీతానికి సరిపడా పని కూడా చెయ్యని మనలాంటివాళ్లకే అనుమానం.

జవానుకు పింఛను రావాలంటే పదిహేనేళ్ల సర్వీసు కావాలి. అది అయ్యేసరికి ముప్పై అయిదేళ్లు. పిల్లలు అప్పుడే బడి ముఖం చూస్తుంటారు. పొలం ఇస్తామన్న కాగితం మండలాఫీసులో ఒక బల్ల మీద నుంచి ఇంకో బల్ల మీదికి ప్రయాణం చేస్తుంటుంది. కాబట్టి రెండో ఉద్యోగం. బ్యాంకు గుమ్మం దగ్గర తుపాకీతోనో, హైదరాబాదులో అపార్ట్‌మెంటు గేటు దగ్గర రిజిస్టరుతోనో కనిపిస్తాడు. ఆ అపార్ట్‌మెంటు ప్రెసిడెంటుగారికి సైన్యమంటే ప్రాణం. ఫోన్లో కాలర్ ట్యూన్ కూడా దేశభక్తి గీతమే. "ప్రతి కుర్రాడూ రెండేళ్లు మిలిటరీలో చెయ్యాలని చట్టం తేవాలండీ, అప్పుడుగానీ ఈ దేశం బాగుపడదు" అంటారు. మరి మీ అబ్బాయో? "వాడికి వెన్నునొప్పండీ. అందుకే డల్లాస్‌లో కూర్చుని చేసే ఉద్యోగం చూసుకున్నాడు."

పింఛను సంగతీ చూద్దాం. ఒకే ర్యాంకు, ఒకే సర్వీసు ఉన్నవాళ్లకు ఒకే పింఛను అన్న సూత్రం 1973లో పోయింది. ఆ తర్వాత అన్ని పార్టీల ప్రభుత్వాలూ జవాన్లకు వరసగా సెల్యూట్ చేస్తూ వచ్చాయి గానీ ఫైలు మాత్రం కదల్లేదు. 2015లో మెడల్స్ తగిలించుకున్న ముసలి సైనికులు ఆ సూత్రం మళ్లీ తెమ్మంటూ ఢిల్లీ జంతర్ మంతర్‌లో కూర్చున్నారు. ఆగస్టు 14న పోలీసులొచ్చి లాగేయబోయారు. మర్నాడు స్వాతంత్ర్య దినోత్సవం, భద్రత ముఖ్యం కదా! నవంబరులో ఉత్తర్వు వచ్చింది.

పింఛను గొడవ ఇంతలా ముదిరితే పరిష్కారమేమిటి? పింఛనే లేకుండా చేస్తే గొడవెక్కడిది! 2022 జూన్ 14న అగ్నిపథ్ పథకం ప్రకటించారు, అందులో చేరినవాడికి అగ్నివీరుడని పేరు. నాలుగేళ్ల కొలువు. మొదటి ఏడు నెలకు 30,000, అందులో 9,000 నిధికి పట్టుకుని చేతికి 21,000. నాలుగో ఏటికి 40,000. పాతవాళ్లకు ఏడాదికి 60 రోజుల వార్షిక సెలవుంటే వీళ్లకు 30. అవివాహితులే చేరాలి. నాలుగేళ్లయ్యాక నూటికి 25 మంది దాకా ఉంటారు, మిగతావాళ్లు సుమారు 11.71 లక్షలు పట్టుకుని ఇంటికి. పింఛను, గ్రాట్యుటీ లేవు. ఆ 11.71 లక్షల మీద ఆదాయపు పన్ను కూడా లేదు, అది మాత్రం మరిచిపోకూడదు.

తెల్లవారుజామున ఊరి రోడ్ల మీద పరుగెత్తి, 1,600 మీటర్లు అయిదున్నర నిమిషాల్లో కొట్టడానికి ఊపిరితిత్తులు అరగదీసుకున్న పిల్లలకు మతిపోయింది. జూన్ 17న సికింద్రాబాద్ స్టేషన్లో రైలు బోగీలు తగలబడ్డాయి, పోలీసు కాల్పుల్లో ఒక కుర్రాడు చనిపోయాడు. తగలబెట్టడం తప్పే. ఆందోళనలో లేమని రాసిచ్చినవాళ్లకే కొలువని సైన్యం చెప్పేసింది. పెద్దలు మాత్రం నాలుగేళ్ల తర్వాతి బతుకు గురించి బోలెడు ధైర్యం చెప్పారు. బీజేపీ ఆఫీసుకు సెక్యూరిటీ పెట్టుకోవాల్సి వస్తే అగ్నివీరులకే ప్రాధాన్యమిస్తానన్నారు ఆ పార్టీ నాయకుడు కైలాశ్ విజయవర్గీయ. డ్రైవరు, ఎలక్ట్రీషియను, క్షురకుడు, చాకలి పనుల్లో నైపుణ్యం వస్తుందన్నారు కేంద్రమంత్రి, మన కిషన్ రెడ్డి గారు. ఆ పనులకేం, అన్నీ గౌరవమైనవే. వాటికోసం తొమ్మిది అడుగుల గొయ్యి దూకించడం ఎందుకన్నదే సందేహం. మహీంద్రా గ్రూపు అగ్నివీరులను తీసుకుంటుందని ఆనంద్ మహీంద్రా ట్వీట్ చేస్తే, "ఇప్పటిదాకా మాలో ఎందరిని తీసుకున్నారు సార్?" అని మాజీ సైనికులు అడిగారు.

ఒక్క విషయంలో వెటకారం పనికిరాదు. సరిహద్దులో వచ్చే తూటాకు రెగ్యులరూ కాంట్రాక్టూ తేడా తెలియదు. అగ్నివీరుడు పోతే బీమా 48 లక్షలు, పరిహారం 44 లక్షలు, మిగిలిన సర్వీసుకు జీతం కుటుంబానికి ఇస్తారు. తక్కువ డబ్బేం కాదు. రెగ్యులర్ జవాను భార్యకో, తల్లిదండ్రులకో వచ్చే కుటుంబ పింఛను మాత్రం వీడి తల్లికి రాదు.

2022 చివర్లో, 2023 మొదట్లో చేరిన తొలి బ్యాచీకి నాలుగేళ్లు 2026 చివరి నుంచి నిండుతాయి. ఆ 11.71 లక్షలకు ఏర్పాట్లన్నీ అగ్నివీరుడి ఇంట్లో ఎప్పుడో అయిపోయాయి. అమ్మ స్లాబు వేయిద్దామంటోంది. నాన్న వడ్డీకి తెచ్చిన అప్పు తీర్చాలంటున్నాడు. బావ శంషాబాద్ దగ్గర వెంచరు బ్రోచరు తెచ్చాడు. మొదట్లో వీడికి పరుగు నేర్పిన కోచింగ్ సెంటరాయన భాగస్వామిగా రమ్మంటున్నాడు, పెట్టుబడి మాత్రం వీడిదేనట. పిల్లనిస్తామన్నవాళ్లు పాతిక శాతంలో ఉంటేనే ముహూర్తం అంటున్నారు. మేనమామ ఒక్కడే డబ్బు గురించి ఎత్తలేదు. బయటికొచ్చాక క్యాంటీన్ కార్డు ఉంటుందో లేదో కనుక్కోమని మాత్రం రెండుసార్లు ఫోన్ చేశాడు.